పన్నెండో సూది

నాచారం చర్చి వెనక గదిలో సాయంత్రం మగ్గం విప్పేముందు సూదులు లెక్కపెట్టేవారు. లెక్క కుదిరేదాకా ఎవరూ చాప మీది నుంచి లేవకూడదు. అది ఉస్తాద్ పెట్టిన నియమం. ఒకప్పుడు పాతబస్తీలో నవాబుల దేవిడీలకు జరీ పని చేసిన మనిషి. దేవిడీలు చితికిపోయాక మగ్గం కట్టెలు అటకెక్కించి బీడీల దుకాణంలో కూర్చున్నాడు. చర్చి పెద్దలు వెతికి పట్టుకొచ్చి, ఆడవాళ్లకు ఆ పని నేర్పమన్నారు. ఆ తొలి జట్టులో నా భార్య ఉంది.

నేనప్పుడు పత్రికలో కొత్త. వాళ్ల మొదటి ఆర్డరు పూర్తవుతోందంటే, నాలుగు ముక్కలు రాద్దామని శనివారం వెళ్లాను. ఉప్పల్‌లో ఒక పసిపాపకు మర్నాడు బాప్తిస్మం. తెల్ల శాటిన్ గౌను, అంచంతా జరీ తీగ. నా భార్య అస్తరు కుడుతుంటే నేనూ సూది అడిగి, ఒక పీలిక మీద రెండు కుట్లు వేశాను.

"అన్నా, అది కలం కాదు, జర మెల్లగ పట్టు," అని పక్కనున్నామె నవ్వింది.

పాప నాయనమ్మ వచ్చి గౌను తీసుకుంది. "పోంగనే తొడిగి సూస్త," అంటూ వెళ్లిపోయింది.

తర్వాత లెక్క. పన్నెండు ఉండాలి. పదకొండు. మళ్లీ పదకొండు. చాప దులిపారు, కొంగులు దులిపారు. నా భార్య మొహం పాలిపోయింది.

"నీకిచ్చిన సూది?" అన్నాడు ఉస్తాద్.

"అప్పుడే ఇచ్చేశాను," అన్నాను. అలాగే అనుకున్నాను కూడా.

"అయితే అస్తరు లోపల ఉంటది. సైకిల్ తియ్యి బేటా."

ఉస్తాద్‌ను వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. పొలాల మధ్య దారి ఎంతకీ తరగలేదు. "సూది ఒంట్లకు పోతే ఒక్క దగ్గర ఆగది," అన్నాడు వెనక నుంచి. "గుండె దిక్కు నడుస్తది." నేను ఇంకా గట్టిగా తొక్కాను.

వీధి మొదట్లోనే పాప ఏడుపు వినిపించింది.

"తొడిగినకాడికెల్లి ఏడుస్తనే ఉంది," అంది నాయనమ్మ. "కొత్త బట్ట గదా అనుకున్న."

సంగతి చెప్పగానే ఆమె గౌను లాగేసింది. పాప ఒంటి మీద ఎక్కడా రక్తం లేదు. ఉస్తాద్ గౌనును చెంపకు ఆనించి అంగుళం అంగుళం జరిపాడు. ఆయన వేళ్లు ఏనాడో మొద్దుబారిపోయాయి. ఏమీ తగల్లేదు. కత్తెర అడిగాడు.

"రేపటికెట్ల ఉస్తాద్?"

"గౌను లేకున్నా బాప్తిస్మం అయితది, అమ్మా."

అస్తరంతా విప్పాడు. లేదు. నాయనమ్మ పాపను బోర్లించి వీపు నొక్కి చూస్తోంది. నొక్కినప్పుడల్లా పాప కేకపెట్టింది. ఇక మిగిలింది పాప ఒళ్లే అనుకుంటూ నుదుటి చెమట తుడుచుకోబోయాను. కనుబొమ మీద ఏదో గుచ్చుకుంది.

నా చొక్కా చేతి మడతలో సూది. తోకలా జరీ పోగు ఇంకా వేలాడుతోంది. ఆఫీసులో రాసిన కాగితాలకు గుచ్చే గుండుసూదులు అక్కడే పెట్టుకోవడం మా అందరికీ అలవాటు. చెయ్యి తన పని తాను చేసింది.

ఉస్తాద్ సూది అందుకుని, "పన్నెండు," అన్నాడు, రోజూ లెక్కపెట్టే గొంతుతోనే. దీపం దగ్గరకు జరిగి, అస్తరు మళ్లీ కుట్టడానికి సూది నాకే ఇచ్చి దారం ఎక్కించమన్నాడు. ఆ వెలుతురులో ఆయనకు కన్ను ఆనదు. మూడుసార్లు ప్రయత్నించాను. దారం కన్నంలోకి పోలేదు.

నాయనమ్మ పాపను రొమ్ముకు అదుముకునే చెయ్యి చాపింది.

"ఇటియ్యి నాయనా. నీ చేతిల ఇగ సూది ఉండొద్దు."