అనసూయ ఇంట్లో అంతా బాగుందని రాశాను

రేపల్లె స్టేషనుకు కూతవేటు దూరంలో, ఒక రేకుల వసారాలో కుట్టుమిషను పెట్టుకుని అనసూయ జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆమె చేత కుట్టించుకోవాలంటే నెల ముందే గుడ్డ ఇవ్వాలి. భర్త మధుసూదన్ ఆటో నడుపుతాడు. పిల్లలు లేరు. తల్లి ఆస్పత్రి పాలైతే చూసే దిక్కులేని మనీషా అనే ఎనిమిదేళ్ళ పిల్లను ఆ ఇంటికి తీసుకొచ్చి దించినవాణ్ణి నేను.

నా పేరు సంజీవరావు. చుండూరు దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. తెనాలిలో రామాలయం భజనకు తాళం వేస్తూ కూర్చున్నవాణ్ణి ఒక సేవాసంస్థ వాళ్ళు పిలిచారు. కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లలను హాస్టల్లో పడేయకుండా కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని పెంచే కుటుంబాలు కావాలట. దత్తత కాదు. తల్లి కోలుకుంటే బిడ్డ వెళ్ళిపోతుంది. అలాంటి ఇళ్ళను వెతకడం, నెలకోసారి వెళ్ళి చూసి రిపోర్టు రాయడం నా పని.

కండక్టరుకు జనాన్ని ఎక్కించడం వచ్చినంత బాగా మరొకటి రాదు. కాలు పెట్టే చోటు లేకపోయినా "లోపలికి జరగండమ్మా, వెనక అంతా ఖాళీయే" అంటాం. ఆ నోటితోనే రెండేళ్ళలో పదకొండు కుటుంబాలను ఒప్పించాను. సంస్థవాళ్ళు శాలువా కప్పారు. అప్పటికే అందులో ఆరు కుటుంబాలు పిల్లలను తిరిగి అప్పగించి మానుకున్నాయి. ఆ లెక్క కూడి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. సభలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. శాలువా మాత్రం వెచ్చగా ఉంది.

ఎవరింటికి వెళ్ళినా ముందురోజు ఫోను చేసేవాణ్ణి. అది మర్యాద అనుకున్నాను. అనసూయ ఇంటికి వెళ్ళేసరికి గచ్చు కడిగి ఉండేది, మనీషా రెండు జడలతో, ఇస్త్రీ గౌనుతో గుమ్మంలో నిలబడి ఉండేది. కూర్చోగానే ఉప్మా పెట్టిన పెసరట్టు, అల్లం పచ్చడి వచ్చేవి. "ఎలా ఉందమ్మా?" అంటే "బాగానే ఉందండి బాబాయ్ గారూ, ఇంకోటి వెయ్యనా?" అనేది. నేను వేయించుకునేవాణ్ణి. తిరుగు రైలు వేమూరు దాటకముందే "పాప సంతోషంగా ఉంది, కుటుంబం ఆదర్శప్రాయం" అని రాసేసేవాణ్ణి.

బాపట్లలో జమీలా అని ఒకామె రెండేళ్ళుగా నగ్మా అనే పిల్లను పెంచుతోంది. ఆమె ఇంటికి వెళితే గ్లాసుడు మంచినీళ్ళు, గంటసేపు ఫిర్యాదులు. స్కూల్లో కాగితాలు తీసుకోలేదనీ, పిల్ల పక్క తడుపుతోందనీ, మీరు ఫోను ఎత్తరనీ. ఆమె పేరు ఎదుట "ఇబ్బందులున్నాయి" అని రాసి, అటు వెళ్ళడం తగ్గించాను. నా రిపోర్టులన్నీ నా కడుపు చెప్పినట్టే ఉండేవి.

అయిదో నెలలో ఒక శుక్రవారం అనసూయే ఫోను చేసింది. "బాబాయ్ గారూ, మనీషాని తీసుకెళ్ళిపోండి. నా వల్ల కాదు."

మొదటి రైలుకు వెళ్ళాను. పిల్ల స్కూలుకు వెళ్ళింది. అనసూయ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా పెసరట్టు వేసింది. రాముడి మీద ఒట్టు, ఆ స్థితిలో కూడా రెండోది వద్దనలేదు నేను.

"తిండి దాస్తోందండి," అంది తల వంచుకుని. "దిండు గలీబులో ఇడ్లీలు, మిషను సొరుగులో అన్నం ముద్దలు. మీరొచ్చే ముందు మరీ ఎక్కువ. మొన్న ఒకరి పెళ్ళి పట్టుగుడ్డలో పులిహోర చుట్టి పెట్టింది. చీమలు పట్టి, గుడ్డ పోయింది. పక్కింటావిడ వాకిట్లో నిలబడి, పిల్లకి కడుపునిండా పెట్టట్లేదా ఏంటి అనసూయా అంది. నేను పెట్టనా బాబాయ్ గారూ?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

"నెలకోసారి ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు ఏడుపు పెట్టుకుంటామా ఎక్కడైనా?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే బాగుండేది. యశోదమ్మ కృష్ణుడి అల్లరి ఎలా భరించిందో పావుగంట చెప్పాను. భజనలో అయితే ఆ చోట అందరూ కళ్ళు తుడుచుకుంటారు.

అనసూయ తుడుచుకోలేదు. "యశోదమ్మకి గోపికలంతా ఇంటికొచ్చి మాట్లాడేవాళ్ళండి. తిట్టడానికైనా వచ్చేవాళ్ళు. నా దగ్గరికి ఎవరొచ్చారు? ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం."

మనీషా అప్పటికే రెండు చోట్లు మారిన పిల్ల. ఇక్కడినుంచి కదిలితే ఎక్కడో దూరపు హాస్టలే గతి.

మధుసూదన్ ఆటోలో స్టేషనులో దించాడు. ఎప్పటిలాగే డబ్బు తీసుకోలేదు. "తీసుకెళ్ళమని అంటోంది గానీ బాబాయ్, రాత్రి దాని యూనిఫాం అంచు విప్పి పొడుగు చేస్తోంది. వచ్చే ఏడాదికి పొట్టిదవుతుందట," అన్నాడు.

ఆ మాట రైల్లో నన్ను కూర్చోనివ్వలేదు. మర్నాడు బాపట్ల వెళ్ళాను. సంగతంతా విని జమీలా నడుం మీద చేయి వేసుకుంది.

"మా ఇంట్లో ఇబ్బందులున్నాయని రాశారట కదా అన్నయ్యా?"

"రాశానమ్మా."

"లేని ఇల్లు ఎక్కడుందో చూపించండి, పోయి దణ్ణం పెట్టుకొస్తా. నేను నోరున్నదాన్ని కాబట్టి చెప్పుకున్నాను. ఆవిడ మర్యాదస్తురాలు, అట్టు పెట్టింది. మా నగ్మా ఆర్నెల్లు రొట్టెలు దాచింది. బూట్లలో కూడా. మూతున్న డబ్బా ఒకటి దాని మంచం కింద పెట్టి, ఇది నీది, ఎప్పుడూ ఖాళీగా ఉండదు అని చెప్పాను. రోజూ నేనే నింపాను. మెల్లగా మానింది. ఇది చెప్పడానికి ఒక్కసారైనా ఆవిడ నంబరిచ్చారా మీరు?"

ఇవ్వలేదు. ఇవ్వాలని తట్టలేదు.

ఆదివారం నగ్మాను అత్తగారి దగ్గర వదిలి జమీలా నాతో బయలుదేరింది. నేను ఫోను చేయబోతే చేతిలోంచి లాక్కుంది. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. తోటకూర మోపుతో ఉన్న ఒక ముసలమ్మ అడక్కుండానే మోపును ఒళ్ళోకి తీసుకుని జమీలాకు చోటిచ్చింది.

మమ్మల్ని చూడగానే అనసూయ వంటింట్లోకి పరిగెత్తి స్టవ్ వెలిగించింది. జమీలా వెనకే వెళ్ళి ఆర్పేసింది. "కూర్చో చెల్లీ. మా పిల్ల బూట్లలో రొట్టెలు దాచేది. నీది ఎక్కడ దాస్తోంది?" అంది. అనసూయ ఒక్క క్షణం తెల్లబోయి చూసి, గచ్చు మీద కూలబడి ఏడ్చింది. "అన్నయ్యా, మీరు బయటికెళ్ళండి," అంది జమీలా.

వసారాలోకి వచ్చాను. మనీషా అక్కడే స్కూలు సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. సంచి ఉబ్బి ఉంది.

"తాతా, ఈసారేనా?"

"ఏంటమ్మా ఈసారి?"

"తీసుకెళ్ళేది. ఇవాళ ఫోను చెయ్యకుండా వచ్చారుగా, ఇప్పుడే గబగబా సర్దుకున్నా."

"నేను వచ్చిన ప్రతిసారీ సర్దుకుంటావా?"

"ఊఁ. మీరు ఫోను చేస్తారు, ఆంటీ తలస్నానం చేయించి మంచి గౌను వేస్తుంది. ముందున్న చోటా అంతే. తలస్నానం చేయించే పంపేశారు." గొంతు తగ్గించింది. "కొత్తచోట మొదటిరోజు అన్నం పెట్టడం మర్చిపోతారు తాతా. అందుకని తీసుకెళ్తా."

లోపలికి వెళ్ళి ఆ ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిసారి రిపోర్టు సరిగ్గా ఇచ్చాను.

అనసూయ కళ్ళు తుడుచుకుని లేచింది. వసారాలోకి వచ్చి పిల్ల భుజం మీది సంచి తీసి మిషను మీద బోర్లించింది. లంగా, దువ్వెన, కాగితంలో చుట్టిన నాలుగు ఇడ్లీలు పడ్డాయి.

"పుస్తకాలేవే? ఒక్కటీ పెట్టుకోలేదేంటి? రేపు సోమవారం కాదూ?"

"రేపు... ఇక్కడి స్కూలేనా?"

"మరి యూనిఫాం అంచు ఎవరి కోసం విప్పాననుకున్నావు? పక్కింటావిడ కోసమా? పద, ఎక్కాలు అప్పజెప్పు."

నాకు కూడా చెప్పాల్సింది చెప్పింది. ఫోను చేసి రాకూడదు. శనివారాలు వచ్చి సాయంత్రం దాకా పిల్లను కనిపెట్టుకోవాలి, తను తెనాలి వెళ్ళి లైనింగు గుడ్డ తెచ్చుకోవాలి. జమీలా నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి వెళ్ళాలి. రాశాను.

మానుకున్న ఆరు ఇళ్ళకూ వెళ్ళి ఎందుకు మానారని అడిగాను. నాలుగిళ్ళలో చెప్పింది ఒకటే: పిల్లను దించి వెళ్ళాక మళ్ళీ మాట్లాడే మనిషి లేడని. ఇప్పుడు కొత్తవాళ్ళను ఒప్పించడం తగ్గించాను. ఉన్న అయిదిళ్ళ ఆడవాళ్ళూ నెలకోసారి జమీలా ఇంట్లో కూర్చుని మనసులో మాటలు చెప్పుకుంటారు. నేను బయట పిల్లలను ఆడిస్తూ వాళ్ళ చేతిలో ఓడిపోతుంటాను.

ఇక అనసూయ నాకు రోజూ ఫోను చేస్తుంది. పొద్దున్న పూజలో ఉన్నా సరే, దేవుడికి చెప్పి ఎత్తుతాను. నిన్న పావుగంట వాయించింది: మనీషా బెంచీ మీద పక్కపిల్లను గిల్లిందట, టీచరు పిలిపించి అందరి ముందూ అడిగిందట, ఇంటికొచ్చి చిక్కుడుకాయ కూర తిననని కంచం నెట్టేసిందట. "దీంతో వేగలేక చస్తున్నాను బాబాయ్ గారూ, దీనికి అసలు బుద్ధి..."

ఆపి, "ఉండండి, అది పిలుస్తోంది," అని ఫోను పెట్టేసింది.