నాన్నమ్మ పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక బాక్సింగ్ ఛాంపియన్ ఉండేవాడంటే ఇప్పుడెవరూ నమ్మరు. బరంపురంలో ధాన్యం వర్తకుల ఇంట ఈ ముష్టియుద్ధాలేమిటని అప్పట్లోనూ నవ్వేవారు. మా చిన్నాన్న కుర్రతనంలోనే గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లాడు. అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, సాయంత్రాలు బాక్సింగ్ నేర్చుకుని, చివరకు మిడిల్ వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ బిరుదు కోసం మద్రాసు సోల్జరొకడు సవాలు చేస్తే, పట్టుబట్టి పోటీని మా ఊళ్లో పెట్టించాడు. తన తల్లి ఉన్న ఊళ్లో గెలవాలని ఆయన కోరిక.

మిడిల్ వెయిట్ తరగతికి ఒక బరువు హద్దు ఉంటుంది. పోటీనాడు తూస్తారు, దాటితే బిరుదు పోతుంది. అందుకని చిన్నాన్న ముందురోజు నుంచే అన్నం మానేశాడు. నీళ్లు కూడా పుక్కిలించి ఉమ్మేసేవాడు.

"ఏటిరా ఇది! బస్తాలు తూసే ఇంట పుట్టినోడివి, నిన్నే తూస్తారేటి? తిననోడు పడిపోతాడు గానీ తిన్నోడు ఓడిపోతాడేట్రా?" అంది నాన్నమ్మ.

"ఒక్క పూటమ్మా. తూకమైపోతే నువ్వెంత పెడితే అంత తింతాను."

"నువ్వు ముట్టందే నానూ ముట్టను. సూద్దాం."

అన్నంత పనీ చేసింది. తెల్లవారేసరికి వంటింటి గుమ్మంలో కళ్లు తిరిగి కూలబడింది. చిన్నాన్న మజ్జిగ పట్టబోతే పళ్లు బిగించింది. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "సరే, పెట్టమ్మా," అన్నాడు. మా అమ్మ పెరుగన్నం తెచ్చింది. నాన్నమ్మ ఆయనకొక ముద్ద పెట్టి, అప్పుడు తానొక ముద్ద తినేది. ఆమె కడుపు నిండేదాకా ఆయన తిన్నాడు.

తూకం వీధివైపున్న మా కొట్లోనే జరిగింది. కాటాకు ఒకవైపు రాళ్లు, రెండోవైపు చిన్నాన్న. ఆయన వైపు దిగిపోయింది. పోటీ పెట్టినవాళ్లు కాస్త గడువిస్తే, చెమట పట్టి బరువు తగ్గాలని కంబళి కప్పుకుని ఎండలో బజారంతా పరుగెత్తి వచ్చాడు. మళ్లీ దిగింది. పోటీ జరగకుండానే బిరుదు పోయింది. మా నాన్న చూడలేక తల తిప్పుకున్నాడు.

ఇంట్లో ఎవరూ నిజం చెప్పవద్దని అందరినీ బతిమాలి, లోపలికొచ్చి, "ఆ సోల్జరు రాలేదమ్మా," అన్నాడు.

"నా సేతి ముద్ద తిన్నావని తెలిసి పారిపోయుంటాడు!" అంది నాన్నమ్మ.

బతికినన్నాళ్లూ ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. విన్నప్పుడల్లా చిన్నాన్న నవ్వేవాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే వయసు ఆయనకు దాటిపోయింది. రంగూన్ వెళ్లలేదు, మా కొట్లో గద్దె మీద కూర్చుని బియ్యం అమ్మాడు. ఆమెకు నిజం తెలియనివ్వకపోవడం ఎంత గొప్ప దయో నాకప్పుడే అర్థమైంది. అది ఆయన్ని ఎంత ఒంటరిని చేసిందో మాత్రం చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అప్పటికి ఆయన లేడు.

ఇప్పటికీ నేను వడ్డించేటప్పుడు ఎవరైనా చాలంటే, అక్కడే చెయ్యి ఆపేస్తాను. పెట్టే గుణం లేనిదని చుట్టాలు అనుకుంటారు. అనుకోనీ.