మామగారి రికార్డుకి కొత్త చెయ్యి

లోకనాథానికి తుప్పంటే పగ. ముప్పైమూడేళ్లు దీవుల మధ్య డిగ్లీపూర్ తిరిగే ఓడల ఇంజను గదిలో గ్రీజర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా ఎలా ఊడుతుందో కళ్లారా చూసినవాడు. అందుకని షాదీపూర్‌లో ఆయన ఇంటికి ఇనుప వస్తువేది వచ్చినా, కత్తెర కానీ గొడుగు కానీ, ముందు గ్రీజు డబ్బా దర్శనం చేసుకోవాల్సిందే. ఒకసారి కొత్త ఇడ్లీ పాత్రకు కూడా ఆ యోగం పట్టింది. ఆ పూట ఇడ్లీలు ఎవరూ ముట్టలేదు. పుర్రెకో బుద్ధి అంటారు, ఈయనది గ్రీజు బుద్ధి.

ఇంట్లో ఆ డబ్బా సోకని వస్తువు ఒకటుంది. అది భార్య గవరమ్మ తండ్రి పాడిన రికార్డు. ఆ పెద్దాయన శ్రీకాకుళం తీరం నుంచి వల భుజాన వేసుకుని ఈ దీవులకు వచ్చాడు. జముకు వాయిద్యం చేతపట్టి కథ ఎత్తుకుంటే వేటకెళ్లాల్సినవాళ్లు పడవలు ఒడ్డునే వదిలేసి కూర్చునేవారు. ఆయన పోయాక ఆ గొంతు మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే. ముల్లు తగిలిన ప్రతిసారీ రికార్డు కాస్త అరుగుతుందని ఎవరో చెబితే గవరమ్మ ఓ కట్టుబాటు పెట్టింది. ఏడాదికి ఒక్కసారే, తండ్రి పోయిన రోజున, ఫొటో ముందు అన్నం, చేపల పులుసు పెట్టాక వినాలి. ఆ మూడు నిమిషాల కోసం అక్క బుల్లమ్మ హోప్ టౌన్ నుంచి తమ ఇంజను పడవెక్కి వస్తుంది.

పోయినేడు పాత ప్లేయర్ చెయ్యి, అంటే ముల్లును మోసే ఆ బరువైన కడ్డీ, రికార్డు మీద జర్రున జారి గీత పెట్టింది. గవరమ్మ ఏడవలేదు.

"ఈ చెయ్యితో మా నాన్న మీద మరి ముల్లెడితే ఒప్పుకోను మావా" అంది, అంతే.

ఆ మాట లోకనాథానికి ఏడాదంతా గుచ్చుకుంటూనే ఉంది. చివరికి పెళ్లిళ్లకు మైక్‌సెట్లు అద్దెకిచ్చే చక్రిని పట్టుకున్నాడు.

"తేలికపాటి చెయ్యి, అదే టోన్ ఆర్మ్, ఏయిద్దాం బాబాయ్. దాని కొసకి కొత్త కార్ట్రిడ్జ్, ముల్లు అందులోనే ఉంటాది. అరుగుడు బహుత్ కమ్, శానా తక్కువ" అని చక్రి చెన్నై నుంచి తెప్పించాడు.

తెప్పించడమని నోటితో అనడం తేలిక. కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం ఉందని విమానం ఎక్కనివ్వలేదు. ఓడకు వేస్తే, తుఫాను హెచ్చరికని ఆ ఓడ రేవు నుంచి కదల్లేదు. మూడు వారాలపాటు లోకనాథం కొరియర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. కౌంటర్లో అమ్మాయి "కల్ ఆయియే అంకుల్" అని రేపటికి తిప్పి పంపినప్పుడల్లా ఒళ్లు మండిపోయి, ఇంటికొచ్చి తలుపు బందులన్నిటికీ గ్రీజు పూసేవాడు. బందులు ఏం పాపం చేశాయో ఎవరికీ తెలియదు.

మామగారు పోయిన రోజుకు ఇంకా మూడు రోజులుందనగా పార్సిల్ వచ్చింది. చక్రి పాత చెయ్యి పీకేసి, కొత్తదానికి సరిపడా చెక్కలో రంధ్రం పెద్దది చేసి బిగించాడు. సన్నటి తీగలు పట్టకారుతో తగిలించాడు, వెనకనున్న బరువు సరిచేశాడు, ఏదో పాత హిందీ పాటల రికార్డు వేసి చూశాడు. ముల్లు ఎక్కడా తడబడలేదు. టీ తాగి వెళ్లిపోయాడు.

అతను గడప దాటాడో లేదో, లోకనాథం కళ్లద్దాలు పెట్టుకుని ప్లేయర్ మీదికి వంగాడు. మెరిసే కొత్త లోహం, కిటికీలోంచి సముద్రపు గాలి. చెయ్యి తిరిగే కీలు చూస్తే ఒట్టి పొడి! కంపెనీవాళ్ల తెలివికి జాలిపడ్డాడు. అగ్గిపుల్ల కొసన రవ్వంత గ్రీజు తీసి ఆ కీలులోకి ప్రేమగా దూర్చాడు.

మర్నాడు ఆ హిందీ పాట ఒక్కచోటే తిరగడం మొదలెట్టింది. బరువు తగ్గిస్తే ముల్లు ఎగిరింది, పెంచితే అక్కడే కూరుకుపోయింది. బల్ల కాళ్లకింద అట్టముక్కలు పెట్టాడు. ఫ్యాను ఆపాడు. చెమటలు కక్కుకుంటూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చెన్నై కొట్టువాణ్నీ ఓడనీ పక్కింటి నీళ్ల మోటారునీ వరసపెట్టి తిట్టాడు.

"ఏటయ్యింది మావా?"

"ఏటీ అవ్వనేదు, నువ్వు లోపలికెళ్లు!"

సాయంత్రం చక్రి వచ్చి కీలు దగ్గర వేలు పెట్టి చూశాడు. వేలు నల్లబడింది.

"ఇది పొడిగా ఉండాల్సిన బేరింగు బాబాయ్. గ్రీజెవడెట్టేడు ఇందులో?"

లోకనాథానికి దొంగకు తేలు కుట్టినట్టయింది. ముప్పైమూడేళ్ల గ్రీజరు, గ్రీజు పెట్టడంలో తప్పు చేశానని ఏ నోటితో చెబుతాడు?

"కంపెనీవోళ్లే ఎట్టుంటారు."

చక్రికి కోపం నషాళానికంటింది. చెన్నైకి ఫోన్ చేసి కొట్టువాణ్ని తెలుగులో, హిందీలో కడిగేశాడు. ఇది ఇక్కడ విప్పితే మళ్లీ కుదరదు, తిరిగి పంపాల్సిందే. పాతది పెడదామంటే ఆ పెద్ద రంధ్రంలో నిలబడదు.

ఆ రోజు రానే వచ్చింది. ఫొటో ముందు పులుసు పెట్టారు. బుల్లమ్మ పడవ దిగి తడిసిన చీర అంచుతోనే వచ్చి ప్లేయర్ పక్కన కూర్చుంది. సంగతంతా, భోజనానికి పిలిస్తే వచ్చిన చక్రి చెప్పాడు.

"ఆ కంపెనీవోళ్ల చేతులిరిగిపోనూ! ఏడాదంతా కాసుకున్నాను" అని ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంది.

గవరమ్మ ప్లేయర్ వెనక పడున్న అగ్గిపుల్ల తీసింది. దాని నల్లటి కొస చూసింది, తర్వాత మొగుడి మొహం చూసింది. లోకనాథం ఆ చూపుకు తాళలేకపోయాడు.

"కంపెనీ కాదు వదినా. నేనే ఎట్టేను."

చక్రి తల పట్టుకున్నాడు. బుల్లమ్మ ఏడుపు ఆపేసింది. లోకనాథానికి తన చేతులే తనకు శత్రువుల్లా కనిపించాయి, ఒళ్లో దాచుకున్నాడు.

గవరమ్మ రికార్డును అట్టతో సహా ఫొటోకు ఆనించింది.

"పోన్లే అప్పా, ఈ ఏడు నాన్న గొంతు అరగనేదు" అంది అక్కతో. తర్వాత అలమారలోంచి గ్రీజు డబ్బా తీసి అక్క చేతిలో పెట్టింది. "మీ పడవ ఇంజనుకి పనికొస్తాది, పట్టుకెళ్లు."

తండ్రి గొంతు వినడానికి వచ్చిన మనిషి, గ్రీజు డబ్బా చేతపట్టుకుని పడవెక్కింది.