ఉప్పు బస్తాకి సీటు బెల్టు

తొలకరి పడిన దగ్గర్నుంచి నా షెడ్డు మూలనున్న ఉప్పు బస్తా చెమటలు కక్కుతోంది. తడిసిన గోనె వాసన, దాని వెనకే నాలుక మీదికి వచ్చే ఉప్పదనం, వాటి మీద డీజిలు. ఈ మూడూ కలిసి ముక్కుకి తగిలితే చాలు, వెనకాల ఎవరో కిళ్లీ నములుతూ గొంతు సవరించుకున్నట్టుంటుంది. చేతిలో ఉన్న పని వెంటనే శ్రద్ధగా చేసేస్తాను. బతికుండగా నన్ను భయపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. పోయాక కూడా బస్తాలోంచి భయపెట్టేది మా పైడిరాజు మేస్త్రి ఒక్కడే. ఇవాళ మధ్యాహ్నం ఒరిస్సా వైపు వెళ్లే లారీ ఒకటి క్లచ్చి పట్టక వచ్చింది. డ్రైవరు దిగుతూనే, "ఎంతసేపు పడతాది బావా?" అన్నాడు. నేను సుద్దముక్క తీసుకుని, షెడ్డు రేకు తలుపు మీద "3.10" అని టైము రాశాను. రేకు మీద సుద్ద కీచుమంది. ఆ కీచు కూడా ఆయనదే.

సాలూరు లారీల ఊరు. ఇక్కడ నిద్రపట్టాలంటే హారన్ వినపడాలి. ఆ ఊళ్లో నేను ఎనిమిదో తరగతితో చదువుకు దణ్ణం పెట్టాను. అది నా జోలికి రాకూడదు, నేను దాని జోలికి పోకూడదు అన్నది మా ఇద్దరి ఒప్పందం. నా పేరు సింహాచలమే గాని, కోతల సింహాచలం అంటేనే ఎవరికైనా తెలిసేది. పక్కింటికి మంట అంటుకుందని నేను అరిస్తే, జనం ముందు నవ్వి ఆ తర్వాత వాసన చూసేవారు. కొన్నాళ్లు లారీలు తోలి, ఇరవై మూడో ఏట మేస్త్రి దగ్గర పనికి కుదిరాను. బండి ఎప్పటికవుతుందని ఎవరడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: అరగంట. ఇంజను కిందకి దించేసి ఉన్నా అరగంటే. కావలసిన సామాను ఇంకా విజయనగరంలో బస్సెక్కకపోయినా అరగంటే.

మేస్త్రి షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి మీద చెయ్యి వేసే ముందు రోగమేమిటో, ఎంతసేపు పడుతుందో తలుపు మీద సుద్దతో రాయాలి. ఆ తర్వాతే పానా పట్టాలి. రాసింది నిజమైతే సాయంత్రం తుడిచేయవచ్చు. తప్పితే మాత్రం నాలుగు రోజులు అలాగే ఉండాలి. మొదటి రోజు నేను ఠీవిగా "డైనమో, అరగంట" అని రాశాను. డైనమో నిక్షేపంలా ఉంది. ఎలుక కొరికిన వైరు దొరికేసరికి పొద్దుగుంకింది. మేస్త్రి ఒక్క మాట తిట్టలేదు. తిట్టే పని ఊరికి అప్పగించాడు. నాలుగు రోజులపాటు టీకి వచ్చిన ప్రతి డ్రైవరూ తలుపు చదివి, "ఏరా, డైనమో దొరికిందేటి?" అని అడిగి మరీ వెళ్లాడు.

"ఇదేటి మావా, పరువు తీత్తన్నావు?" అన్నాను. చుట్టరికం లేకపోయినా వరస కలిపేసి మావా అనేవాడిని.

"నీకున్నాదేటి, నాను తియ్యడానికి?" అన్నాడాయన, కిళ్లీ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మారుస్తూ.

ఆయనకి ఒక కారుండేది. డిక్కీ ఉండాల్సిన చోట చిన్న వరండా అంత జాగా ఉన్న పొడుగు అంబాసిడరు. నౌపడలో ఒక ఉప్పు వ్యాపారి వాడి వాడి వదిలేసినదాన్ని మేస్త్రి తెచ్చుకున్నాడు. ఉప్పుగాలి దాని అడుగంతా తినేసింది. సీట్లో కూర్చుని కిందకి చూస్తే రోడ్డు కనపడేది. వేరే ఊరైతే కారు రేకు వేసి అతికేవారు. సాలూరులో కారు రేకు ఎవడి దగ్గరుంటుంది? మేమిద్దరం కలిసి లారీ బాడీకి వేసే మందపాటి ప్లేటు వేసి వెల్డింగు చేశాం. ఆ బరువుకి వెనక స్ప్రింగుల కమాను కట్టలు కుంగిపోతే లారీ కట్టల్లోంచి రెండు బద్దలు తీసి కలిపాం. ఇంత చేశాక అది కారుగా మిగల్లేదు, లారీకి పుట్టిన బిడ్డలా తయారైంది. వెనక తలుపు వెయ్యడానికి ఇద్దరం కావాలి, తియ్యడానికి ముగ్గురం.

అలాంటి సమయంలో ఒక డ్రైవరు కబురు మోసుకొచ్చాడు. విజయనగరం అవతల పాత విమానాల రన్‌వే మీద కార్ల పందెం పెడుతున్నారట. రెండేసి కార్లు, నాలుగు వందల మీటర్లు, తిన్నగా. "మన పొడుగుదాన్ని పంపుదాం మావా, గెలిచినోళ్లని మోసుకొస్తాది" అని నేను నవ్వాను. మేస్త్రి నవ్వకుండా రూలేమిటని అడిగాడు. డ్రైవరు చెప్పాడు. తన కారు ఎన్ని సెకన్లలో వెళ్తుందో ఎవరికి వారు ముందే అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది కారుకి ఆ తేడా కొద్దీ ముందు పచ్చలైటు వేస్తారు. ఇద్దరూ రాసినట్టే నడిస్తే గీత దగ్గరికి ఒకేసారి చేరతారు. ముందు దాటినవాడు గెలుస్తాడు. కాని రాసిన దానికంటే జోరుగా వెళ్లిపోతే ముందొచ్చినా ఓడినట్టే.

మేస్త్రి నమలడం ఆపేశాడు. "ఒరే, ఇది మన తలుపే గదరా!" అన్నాడు.

ఆ రోజే అసలు మాట కూడా చెప్పాడు. ఆయనకి డెబ్భై నిండుతున్నాయి, మోకాళ్లు పనిచేయడం లేదు. విజయనగరంలో ఉన్న కూతురు వచ్చెయ్యమని పోరుతోంది. షెడ్డు నాకు వదులుతాడని ఏడేళ్లుగా నేను లోలోపల అనుకుంటూనే ఉన్నాను. "పని నీకొచ్చురా, నాకంటే బాగొచ్చు. మాటే రాదు. నీ సేత్తో రాసిన అంకె మీద ఒక్క పాలి నిలబడి సూపించు, తలుపు నీకొదిలీసి ఎల్తాను. నేదా, తాళమేసి ఎల్తాను."  

పందెం అంటే బండి తేలిక చెయ్యాలి గదా అని మర్నాడు పొద్దున్నే వెనక సీట్లు ఊడబీకాను. మేస్త్రి వచ్చి అవన్నీ మళ్లీ బిగించమన్నాడు. "జోరుగా ఎల్లమని ఎవుడన్నాడు? రోజూ ఒక్కలాగ ఎల్లాలి. అదీ పందెం." మూతపడిన జూట్ మిల్లు లోపల తిన్నని రోడ్డొకటి ఉండేది, కావలివాడు ఆయనకి తెలిసినవాడు. రోజూ తెల్లారగానే అక్కడికి పోయేవాళ్లం. నేను తోలేవాడిని, ఆయన పక్కన కూర్చుని చెవితో తోలేవాడు. టైర్లలో గాలి కొలిచి రోజూ ఒకటే, టాంకులో పెట్రోలు పుల్ల ముంచి చూసి ఒకటే. బానెట్ మీద అరచెయ్యి వేసి, వేడి ఆయనకి నచ్చితేనే బయల్దేరాలి. లారీ బద్దల బిగువుకి మొదట్లో వెనక చక్రాలు కప్పల్లా గెంతేవి. మేస్త్రి రెండు ఉప్పు బస్తాలు తెప్పించి వెనక వేయించాడు. "దీన్ని తినేసింది ఉప్పే గదా, ఇప్పుడు కొంచెం మొయ్యమను" అన్నాడు. చక్రాలు నేలని పట్టుకున్నాయి. మూడో గేరు నుంచి నాలుగుకి మార్చే చోటు ఆయన నాకు మాటతో నేర్పలేదు. ఇంజను గొంతు ఒకచోట ఏడుపు మాని గొణుగుడు మొదలుపెడుతుంది. అక్కడ నా మోకాలి మీద చిన్న చరుపు. వారం తిరిగేసరికి చరుపు లేకుండానే చెయ్యి కదిలేది. నాలుగు వందల మీటర్లకి పట్టిన సెకన్లు తలుపు మీద వరసగా నిలిచాయి: ఇరవై ఆరు పాయింటు నాలుగు. మళ్లీ అదే. మళ్లీ అదే.

శనివారం రన్‌వే మీద కసరత్తు పరుగులు. గేటు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. కారులో తోలేవాడు తప్ప ఇంకెవరూ ఉండకూడదట. మా లెక్కలన్నీ మేస్త్రి బరువుతో కలిపి కట్టినవి! ఆయన కంగారు పడలేదు. "నాను అరవై రెండు కిలోలు. బియ్యం కాటా మీద తూగేను. యాభై కిలోల ఉప్పు బస్తా ఒకటి తే. పన్నెండు కిలోలకి మన పానాల పెట్టి సరిపోద్ది." బస్తాని ముందు సీట్లో కూర్చోబెట్టి, దాని ఒళ్లో పెట్టె పెట్టి, సీటు బెల్టు వేసి తాడుతో కట్టాం. మేస్త్రి తన తువ్వాలు తీసి బస్తా మెడకి చుట్టాడు. చుట్టి, అడుగు వెనక్కి వేసి చూసుకుని, "నాకంటే బుద్ధిగా ఉన్నాడు" అన్నాడు.

పక్క వరసలో నల్ల కారు ఉంది, నేలకి అంటుకుపోయినట్టు. విజయనగరం కాలేజీ కుర్రాడు అందులోంచి తల బయట పెట్టి, "అంకుల్, అంబులెన్సా? లోపల పేషెంటు ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు బాబూ. ఇంకొకడికి చోటుంది" అన్నాను. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. అద్దం మీద సుద్ద నిలవక, మేస్త్రి కిళ్లీ సున్నం నా వేలికి రాసి "రాయి" అన్నాడు. అంతమంది ఫోన్లు పట్టుకుని చూస్తుంటే ఇరవై ఆరు అని రాయడానికి చెయ్యి రాలేదు. 24 అని రాశాను. ముందు రావలసిన పచ్చలైటు ఆ మేరకు ఆలస్యంగా వచ్చింది. ఏదో జీపు మమ్మల్ని దాటుకుని తాపీగా పోయింది. మధ్యాహ్నం తెలివి ఉపయోగించాను. 28 రాసి, బోలెడు ముందు బయల్దేరి, గీత మొదట దాటి రెండు చేతులూ పైకెత్తాను. రాసినదానికంటే జోరుగా వచ్చావు, ఓడిపోయావు పొమ్మన్నారు.

మేస్త్రి బస్తా పక్కన నిలబడి ఉన్నాడు. "పొద్దున గొప్పకి అబద్ధం రాసినావు. మద్దేనం తెలివికి రాసినావు. బండి మాత్రం రెండు పాలీ ఒకే నిజం సెప్పింది, సూసినావేటి?" పందెంవాళ్లిచ్చిన టైము కాగితం చూపించాడు. రెండు పరుగుల్లోనూ ఇరవై ఆరు పాయింటు నాలుగు. నాకు జోకు తట్టని మొదటి రోజు అది.

ఆదివారం పొద్దున 26.4 రాశాను, గెలిచాను. మళ్లీ రాశాను, మళ్లీ గెలిచాను. జనం మమ్మల్ని అంబులెన్సూ అంబులెన్సూ అని పిలవడం మొదలుపెట్టారు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి చివరి పరుగులో మిగిలింది మేమూ, ఆ నల్ల కారూ. దాని అద్దం మీద 15.2 అని ఉంది. సున్నం వేలికి రాసుకుని మేస్త్రి వైపు చూశాను. ఆయన కావాలనే ఇటు వీపు పెట్టి ఎక్కడో గద్దల్ని చూస్తున్నాడు. బానెట్ మీద అరచెయ్యి వేశాను. పొద్దున్న వేడి కాదు అది. ఇంజను ఆయాసపడుతుంది. పొద్దున్న గెలిపించిన అంకె తుడిచేసి 26.6 రాశాను.

నా పచ్చలైటు వెలిగింది. అటువాడు పదకొండు సెకన్లపైనే అలా ఆగి చూస్తూ ఉండాలి, నేను వాడి ముందునుంచి పెళ్లి ఊరేగింపులా వెళ్తూ ఉండాలి. సగం దూరం దాటాక అద్దంలో నల్ల చుక్క కనపడింది. చూస్తుండగానే పెద్దదైంది. కంచె వెంబడి జనం "తొక్కు! తొక్కు!" అని అరుస్తున్నారు. మూడో గేరులోనే ఇంకాస్త గుంజితే నాలుగు గజాలు దొరుకుతాయి, నాకు తెలుసు. నా కాలికీ తెలుసు. ఇంజను ఏడుపు మాని గొణిగింది. పక్క సీట్లో తువ్వాలు కదిలింది. మోకాలి మీద చరుపు పడలేదు గాని, పడినట్టే నా చెయ్యి గేరు మార్చేసింది. గీతకి పది గజాల ముందు నల్ల కారు నన్ను కోసుకుంటూ పోయింది.

అయిపోయిందనుకున్నాను. కుర్రాడు అప్పటికే కిటికీలోంచి సగం బయటికి వచ్చి ఈలలు వేస్తున్నాడు. షెడ్డు తాళం చప్పుడు నా చెవిలో వినపడింది. కారు తిప్పుకుని వచ్చేసరికి బోర్డు మీద అంకెలు పడ్డాయి. నాది 26.63. వాడిది 15.1. రాసినదానికంటే జోరుగా వెళ్లిపోయాడు పాపం, సెకనులో పదోవంతు. గెలిచింది అంబులెన్సు. ఎవరో నన్ను ఎత్తారు, ఎవరో బస్తాని ముద్దు పెట్టుకున్నారు. మేస్త్రి మాత్రం నిదానంగా వచ్చి తాడు విప్పుతూ, "ముందు ఈడ్ని దించండర్రా, పొద్దున్నుంచీ ఎండలో ఉన్నాడు" అన్నాడు. ఆ కుర్రాడు వచ్చి, "అంకుల్, ఇలా ఎలా కుదిరింది?" అని అడిగితే, "నాకు తెల్దు బావూ, పేషెంటునడుగు" అన్నాను. నా జోకులు తిరిగి వచ్చేశాయి.

షెడ్డు సంగతి ఆయన ఆ రోజు ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఒక లారీ వచ్చింది. డ్రైవరు అలవాటుగా మేస్త్రినే అడిగాడు, ఎప్పటికవుతాదని. మేస్త్రి స్టూలు మీంచి లేవలేదు. గడ్డంతో నన్ను చూపించి, "ఆడ్నడుగు. ఆడు రాసిందే టైము" అన్నాడు. అప్పగింత అంతే. గెలిచిన కప్పులో ఇప్పుడు నట్లూ బోల్టులూ పోసుకుంటున్నాను.

విజయనగరం వెళ్లే రోజు ఆయన తలుపు అడుగున తన చేత్తో ఒక అంకె రాశాడు: 80. "నా బండి అంతవరకు నడుస్తాది" అన్నాడు. కిందటేడు డెబ్భై ఆరో ఏట వెళ్లిపోయాడు. రాసినదానికంటే నాలుగేళ్లు ముందే గీత దాటేశాడు. ఆ ఆట లెక్కలో అది ఓటమే. తప్పిన అంకె నాలుగు రోజులు తలుపు మీద ఉండాలని రూలు పెట్టింది ఆయనే కాబట్టి ఉంచాను. నాలుగు రోజులు దాటాక తుడవడానికి చెయ్యి రాలేదు. వాన జల్లు తగలకుండా దాని మీద చిన్న రేకు ముక్క వెల్డింగు చేశాను. అడిగినవాళ్లకి మేస్త్రి పరువు తీస్తున్నానని చెబుతాను.

ఇవాళ క్లచ్చి పని మూడు దాటిన ఐదు నిమిషాలకే అయిపోయింది. చేతులు తుడుచుకుని ఉప్పు బస్తా మీద కూర్చున్నాను.

"అయిపోనాది గదా బావా, తాళాలియ్యి, ఎల్తాను" అన్నాడు డ్రైవరు.

"ఇంకో ఐదు నిమిషాలాగు" అన్నాను. "ముందెల్లిపోతే మా మావ ఒప్పుకోడు."