అత్త పెట్టిన బొట్టు, నేను తిప్పిన స్టీరింగ్

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను నల్లగొండ బస్సు డిపోకు ఛార్జిమన్‌గా వేశారు. ఛార్జిమన్ అంటే పానా పట్టే చేతులకూ, సంతకం పెట్టే చేతులకూ నడుమ ఉండేవాడు. స్టీరింగ్ పని నా వాటా. అందులో నన్ను మించినవాడు లేడని డిపోలో అందరికంటే గట్టిగా నేనే నమ్మేవాణ్ని.

దసరా పోయిన పదిహేను రోజులకు, ఓ ఆదివారం కట్టంగూర్‌లో అత్తగారింటికి పోయాను. మా బామ్మర్ది మల్లేశ్ గొర్లు తోలే వ్యాన్‌కు తెల్లవారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అది పాసైతేనే మంగళవారం గొర్లు సంతకు పోతాయి. బండి సక్కగనే ఉంది, నువ్వు బువ్వ తిను బావా అన్నాడు మల్లేశ్. నా చెయ్యి ఊరుకుంటుందా? ఎక్కి కూర్చున్నాను. ముందు చక్రాలు నేరుగానే ఉన్నాయి, స్టీరింగ్ మీది కుంకుమ బొట్టు మాత్రం నాలుగు వేళ్లు కుడికి జరిగి ఉంది. మా డిపో డ్రైవర్లు ఆయుధపూజ నాడు బొట్టు స్టీరింగ్ నడినెత్తినే పెడతారు. నేను దాన్నే కొలతగా పట్టుకున్నాను. స్టీరింగ్ నడుమ కమ్మీలు సమంగానే ఉన్నాయా అని చూడనే లేదు.

స్టీరింగ్‌తో పాటు చక్రాలను తిప్పే కడ్డీలు రెండుంటాయి, టై రాడ్లంటారు. స్టీరింగ్‌ను పక్కకు జరపాలంటే ఒకదాన్ని ఎన్ని చుట్లు బిగిస్తే రెండోదాన్ని అన్నే వదలాలి. విప్పేముందు సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. కొత్త మెకానిక్‌లకు ఏళ్ల తరబడి ఈ మాట చెప్పినవాణ్ని, ఇంటి పనికి సుద్దెందుకనుకున్నాను.

రెండు గంటల్లో బొట్టు నడినెత్తికి వచ్చింది. మల్లేశ్ హైవే దాకా నడిపి వచ్చి, స్టీరింగ్ వంకరైందన్నాడు. నీ కంటికి పాత వంకర అలవాటైంది, రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాను. అరుగు మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అత్త తలెత్తి బండి దిక్కు చూసింది. ఇంతకూ ఏం చూసి తిప్పినవని అడిగింది. బొట్టు చూపించాను.

"గది నేను పెట్టిన అల్లుడా. బండి ఎక్క చాతగాక, కిటికీలకెల్లి చెయ్యి అందినకాడ పెట్టిన."

తల కొట్టేసినట్టయింది. మళ్లీ బండి కిందికి దూరాను. ఎన్ని చుట్లు తిప్పానో గుర్తు లేదు, సుద్ద గీత లేదు. పొద్దుగూకేదాకా అంచనా మీద సర్దినా పూర్తిగా కుదరలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ బండిని కాస్త దూరం నడిపించి, పక్కన పెట్టించాడు. ఈ స్టీరింగ్ ముట్టుకున్నదెవరని అడిగాడు. మల్లేశ్ వెంట వచ్చిన నేను డిపో ఖాకీ బట్టల్లోనే పక్కన నిలబడి ఉన్నాను. మల్లేశ్ నా దిక్కు చూడలేదు.

"రోడ్డు మీద ఎవడో మేస్త్రి సార్. జర తెలివి తక్కువోడు."

మంగళవారం గొర్లు దొడ్లోనే ఉన్నాయి.

ఆ తరువాత సర్వీసు ఉన్నన్నాళ్లూ, నడిపేవాడు తన నోటితో ఫలానా బాధ ఉందని చెప్పకముందు ఏ బండికీ పానా పెట్టలేదు. బాగున్న బండిని బాగుచేయడమంత కష్టం మరోటి లేదు. మల్లేశ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటే. ఆ మేస్త్రి రోడ్డు మీదివాడు కాదు.