బల్ల మీద లేచిన మూడు ఆకులు

మా నాన్నకు కొడుకులు లేరు. అందుకే ఆయన పనిముట్లు నాకు వచ్చాయి: దారమంత సన్నని రంపం, చిటికెనవేలు వెడల్పు కూడా లేని ఉలి, గాడి అడుగును చదును చేసే చిన్న చిత్రిక. అవి అప్పటికే మా తాత వాడి అరగదీసినవి. పుదుచ్చేరిలో అత్తవారిదీ వడ్రంగి ఇల్లే అయినా, నాలుగేళ్లు వాటిని అటక మీదే ఉంచాను.

ఒక ఫ్రెంచి దొరసాని గుండ్రటి టేకుబల్ల చేయమని, దాని అంచు చుట్టూ మల్లెతీగ పొదగమని అడిగింది. మామగారి కళ్లకు అప్పటికే పొర కమ్మింది. మా ఆయనకు తలుపులు, కిటికీలు తప్ప సన్నపని రాదు.

"నేను చేస్తా మామా," అన్నాను.

"యాడ నేర్చినావు?"

"మా నాయన పక్కన కూర్చోని."

ఆయన పనసచెక్క ముక్క ఇచ్చి ఒక ఆకు కోయమన్నారు. కోశాను. గోటితో దాని అంచు తడిమి, బల్లను నా ముందుకు జరిపారు.

తీగకు నల్లటి ఇరుగుడు చేవ, ఆకులకు పసుపుపచ్చని పనస, పువ్వులకు దంతం. ముక్కను బల్ల మీద పెట్టి సూదితో చుట్టూ గీసి, ఆ గీతకు లోపలే గాడి తవ్వేదాన్ని. నా చేతి మీద నాకు అనుమానం ఉండేది కాదు. చివరి మూడు ఆకుల దగ్గర మాత్రం ఉలి మొద్దుబారింది. సాన పట్టే ఓపిక లేక మామగారి వెడల్పు ఉలి అందుకున్నాను. గాడి అడుగు ఎగుడుదిగుడైంది. జిగురు దట్టంగా పోసి ఆకులు అదిమేశాను. పైకి ఏమీ తెలియలేదు; మామగారు బల్లంతా తడిమి చూసి మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక దొరసాని ఇంటి బట్లరు వచ్చాడు.

"ఏంది పెద్దాయనా, ఆకులు పైకి లేచుండాయి! అమ్మగారి చెయ్యి గీసుకొనింది."

మామగారి ముఖం వాడిపోయింది. పనిముట్లు మూటగట్టి నేనూ ఆయన వెంట కాలవ దాటి దొరలుండే పేటకు వెళ్లాను. దొరసాని కుర్చీలో కూర్చుని చూస్తుంటే, నేల మీద కూర్చుని మూడు ఆకులూ ఊడదీశాను. సానపట్టిన సన్న ఉలితో గాడి సరిచేశాను. చిత్రిక తోసి, పలచగా జిగురు రాసి, ఆకులు దించి బరువు పెట్టాను. 

ఈ పని ఎవరిదని ఆమె బట్లరు చేత అడిగించింది.

"నా కోడలిది," అన్నారు మామగారు, గొంతు తగ్గించకుండా.

తిరిగి వస్తుంటే వంతెన మీద ఆగారు.

"తప్పు పడిందని ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ పొద్దే మామా."

"మరి చెప్పలేదే?"

"మీరు మెచ్చుకుంటా ఉంటిరి."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. మర్నాడు తన పనిపీటను గోడవారకు జరిపి, వెలుతురు పడే కిటికీ దగ్గర నాకు చోటిచ్చారు. ముప్పై ఏళ్లు అక్కడే కూర్చుని పనిచేశాను.