వరస కలవని పేషెంటు

మా గ్లోరీకి లైసెన్సు రాకుండా అడ్డం పడింది చదువు కాదు, చుట్టాలు. ఆ గొడవ ఎంతదాకా వెళ్ళిందంటే, అచ్చంపేటలో బయలుదేరిన ఒక బస్సెడు జనం కలిసి నా మనవరాలి ఏడాది కష్టాన్ని కిటికీలోంచి బయటకు విసిరేయబోయారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

గ్లోరీ మా పెద్దవాడు డానియల్ కూతురు. పుట్టిన రోజే ఏడుపు ఆపి, నర్సు తన అత్తగారి గురించి చెప్పుకుంటుంటే కళ్ళార్పకుండా విన్నది. మనసు తేలికైందని నర్సు మా ఆవిడతో చెప్పి మరీ వెళ్ళింది. నమ్మనివాళ్ళు నమ్మకండి. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు ఇంగ్లీషూ నేర్పారు, అబద్ధం ఆడవద్దనీ నేర్పారు. ఇంగ్లీషులో నేను ఇప్పటిదాకా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

పెద్దయ్యాక ఆ వినడాన్నే గ్లోరీ పనిగా చేసుకుంది. మనస్తత్వ శాస్త్రం చదివి, అచ్చంపేటలో ఒక చిన్న దవాఖానలో చేరింది. భయాలూ దిగులూ పట్టుకున్నవాళ్ళతో మాట్లాడి నయం చేసే పని. అయితే చదువు పూర్తయినంత మాత్రాన సొంతంగా చూడనివ్వరు. అనుభవం ఉన్న ఒకరి చేతికింద ఉండాలి. పేషెంటుతో ఏం మాట్లాడింది, ఎక్కడ తడబడింది, అన్నీ వాళ్ళకు చెప్పి దిద్దించుకోవాలి. వాళ్ళు సరేనంటేనే లైసెన్సుకు దారి. గ్లోరీని దిద్దే మనిషి సుహాసిని మేడం. ప్రతి గురువారం హైదరాబాదు నుంచి జడ్చర్లకు వచ్చేది, గ్లోరీ అక్కడికి వెళ్ళేది.

ఒక గురువారం గ్లోరీ ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది. పేషెంట్ల పేర్లు నాకు చచ్చినా చెప్పదు గానీ, జరిగింది మాత్రం చెప్పింది.

"ఈ పేషెంటు నీకు ఏమవుతుంది?" అని అడిగిందట మేడం.

"అత్త, మేడం."

"ఈయన?"

"మామ."

"ఈ పెద్దావిడ?"

"అవ్వ."

మేడం పెన్ను కింద పెట్టేసింది. "గ్లోరీ, నువ్వు పేషెంట్లను చూస్తున్నావా, పెళ్ళి పిలుపులకు తిరుగుతున్నావా?"

అయినవాళ్ళకు వైద్యం చేయకూడదన్నది వాళ్ళ వృత్తిలో గట్టి నియమం. రక్తసంబంధం కాదు, మా దగ్గర అందరినీ వరస పెట్టే పిలుస్తం అని గ్లోరీ ఎంత చెప్పినా మేడం వినలేదు. "అత్తా అని పిలిస్తే మేనకోడలిలాగే నడుచుకుంటావు. వచ్చే గురువారం నేనే వచ్చి నీ పని చూస్తాను. చుట్టంలా చేశావనిపిస్తే ఈ ఏడాది లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి."

అయితే వరస కలవని పేషెంటును పట్టుకొద్దామన్నాను. ఊళ్ళో ఉన్న మనుషులందరినీ తలుచుకున్నాం. రాజస్థాన్ నుంచి వచ్చి మిఠాయి దుకాణం పెట్టినాయన కూడా మా గ్లోరీని చెల్లె అనే పిలుస్తాడు.

"పోనీ, గా ఒక్క రోజుకు డాక్టరమ్మా అని పిలువమని చెప్పు బిడ్డా," అన్నాను.

"తాతా, గట్ల దొంగతనంగ లైసెన్సు తెచ్చుకుంటే, రేపు ఎవ్వల ముందర కూసోని నిజం చెప్పుమని అడగాలె?"

ఆ ఉపాయాన్ని అక్కడే మడిచి జేబులో పెట్టుకున్నాను.

చివరికి మేడం ముందు కూర్చోవడానికి సుక్కమ్మ ఒప్పుకుంది. సుక్కమ్మ పత్తి ఏరే కూలీ. తన సంగతి తానే ఊరంతా చెప్పుకునే మనిషి కాబట్టి నేనూ చెప్పవచ్చు. ఒకసారి కిక్కిరిసిన బస్సులో ఆమెకు ఊపిరాడక, గుండె దడదడలాడి, ప్రాణం పోతోందనిపించింది. అప్పటినుంచి బస్సు ఎక్కలేదు. ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమై ఊళ్ళోని ఆడవాళ్ళంతా దేశాలు చుడుతుంటే, ఈమె మాత్రం జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే కూతురు భాగ్యశ్రీని చూడలేదు, ఆమెకు పుట్టిన బిడ్డనూ ఎత్తుకోలేదు. గ్లోరీ ఆమెను మొదట బస్టాండులో నిలబెట్టింది. తర్వాత ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టింది. కదిలే బస్సులో పక్క ఊరిదాకా వెళ్ళడం ఈ గురువారమే మొదటిసారి.

"మేడం సూడనీ, చిన్నాయినా, నువ్వు గూడ రా," అంది సుక్కమ్మ నాతో. "నేను సచ్చిపోతే మోయనీకి మనుషులు గావాలె గద!"

గురువారం మేడం దవాఖానకు రాగానే నేనే టీ ఇప్పించాను.

"ఎవ్వల బిడ్డవమ్మా?"

"మాది హైదరాబాదండీ."

"హైదరాబాదు ఎవ్వలకు సొంతూరు గాదు. మీ అమ్మమ్మది ఏ ఊరు?"

"తిరుమలగిరి. అమృతమ్మ అంటారు."

"వారీ! మా దివాకర్‌కు చెల్లె వరసైతది అమృతమ్మ! నేను, దివాకర్ హాస్టల్ల ఒక్క కంచంల తిన్నం. అంటే నువ్వు నాకు మనుమరాలివి. గ్లోరీకి అక్కవు."

"అట్లయితే నాకు కోడలే!" అంటూ సుక్కమ్మ మేడం సంచి నిండా సీతాఫలాలు కుక్కింది.

మేడం నవ్వలేదు. ఫోను తీసి అమ్మమ్మకు కలిపింది. దివాకర్‌నేమో నేను అప్పటికప్పుడే పుట్టించాను. ఫోనులోంచి ముసలి గొంతు గట్టిగా వినిపించింది: "దివాకరా? యాదికి లేడు బిడ్డా. అయినా అయ్యుంటడు తియ్యి. అందర్నీ అడిగిన్నని చెప్పు!"

మేడం ఫోనును సంచిలో సీతాఫలాల మధ్య దూర్చింది. "ఒక్క కప్పు టీ అయ్యేలోగా నన్నూ చుట్టాన్ని చేసేశారు," అని నాతో అని, గ్లోరీ వైపు తిరిగింది. "నేను అక్కనైతే నీ పని చూడటానికి నేనూ పనికిరాను. పిలుపుల సంగతి వదిలేద్దాం. నువ్వు ఏం చేస్తావో చూస్తాను."

బస్సులో గ్లోరీ సుక్కమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. మేడం వెనక సీటులో, నేను ఆ వెనక.

"అత్తా, నోటితోని ఎంత ఆపుమన్నా నేను ఆపను. నువ్వు లేసి నిలవడితే మాత్రం ఎంటనే ఆపిస్త. ఒప్పందమేనా?"

"ఒప్పందమే."

ఊరు దాటి బస్సు వేగం అందుకోగానే సుక్కమ్మకు చెమటలు పట్టాయి. కళ్ళు పెద్దవయ్యాయి. "బిడ్డా, దించు. పానం పోతాంది. దించు బిడ్డా!"

అంతే, బస్సంతా లేచింది. ఒకామె నీళ్ళు చల్లింది. ఒకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. "ఓ కండక్టరూ, బండాపు! మనిషి పోయేటట్టున్నది!" "ఏం పిల్లవే నువ్వు, అత్తా అంటవు, గింత కనికరం లేదా?" కండక్టర్ సైదులు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆపమని అరవడానికి నేనూ సగం లేచాను. మేడం మాత్రం కదలకుండా గ్లోరీనే చూస్తోంది.

గ్లోరీ లేచి నిలబడింది. "అన్నా, ఊదకు! అందరు జర కూసోండ్రి. ఆపాల్నా వద్దా ఆమెనే చెప్పాలె. మీరు గాదు, నేను గాదు." సుక్కమ్మ ముందు వంగింది. "అత్తా, లేస్తవా? కూసుంటవా?"

ఆ క్షణం ఇంజను కూడా చప్పుడు చేయడం మానేసిందంటే మీరు నమ్మాలి. సుక్కమ్మ ముందు సీటు కమ్మీని పట్టుకుంది. బెత్తెడు పైకి లేచింది. మళ్ళీ కూలబడింది.

"కూసుంట."

"గుండె ఎట్లున్నది?"

"డప్పు కొడుతాంది."

"కొట్టనియ్యి. కొట్టికొట్టి అదే అలిసిపోతది."

దారి పక్క పత్తిచేలు వెనక్కి పోతూనే ఉన్నాయి. సుక్కమ్మ ఊపిరి మెల్లగా దారిలో పడింది. ఒకసారి కిటికీలోంచి చూసింది. తర్వాత పక్కకు తిరిగి, "ఓ అక్కా, గా ఉల్లిగడ్డ తియ్యరాదు! గుండెతోని కాదు, దాని వాసనతోని సస్త!" అంది. బస్సు బస్సంతా ఒక్కసారిగా గొల్లుమంది. సైదులు ఆ విజిల్‌ను ఊరికే సంతోషానికి ఊదాడు. డ్రైవర్ నిజంగానే బండి ఆపి బూతులు తిట్టాడు.

పక్క ఊళ్ళో దిగాం. మేడం గ్లోరీని చెట్టు నీడకు పిలిచింది. నేను చెవులు అటే వేశాను.

"చుట్టమైతే బస్సు ఆపేది. నువ్వు ఆ నిర్ణయం ఆమె చేతిలో పెట్టావు. ఈ ఏడాది లెక్కలోకి వస్తుంది, గ్లోరీ."

నా మనవరాలు చిన్నపిల్లలా గెంతబోయి, మేడం ముందు కదా అని ఆగింది. ఆమె బదులు నేను గెంతాను.

"కానీ ఒకటుంది," అంది మేడం. "బస్సు కదలకముందే ఆమె చెయ్యి పట్టుకున్నావు. అది ఎవరి కోసం?"

గ్లోరీ కొంచెం ఆలోచించింది. "నా కోసమే, మేడం. నాకు భయమైంది."

"వచ్చే గురువారం దాని గురించే మాట్లాడదాం."

అప్పటికే సుక్కమ్మ రోడ్డు అవతల నిలబడి, అచ్చంపేట వైపు వచ్చే బస్సుకు చెయ్యి ఊపుతోంది. "ముచ్చట్లు తర్వాత పెట్టుకోండ్రి, బస్సు పోతది!" అని అరిచి, మా కోసం చూడకుండా తానే ముందు ఎక్కేసింది.